గురవమ్మ లెక్కపెట్టిన గళ్ళు

జమ్మలమడుగు నేతగాళ్ళ వీధుల్లో గురవమ్మను తెలియనివాళ్ళు తక్కువ. ఆమె మగ్గం మీద కూర్చోదు, మగ్గానికి బొమ్మ గీసి ఇస్తుంది. చీర అంచులో హంస రావాలన్నా, కొంగులో మామిడి పిందెలు రావాలన్నా ముందు ఎవరో ఒకరు ఆ బొమ్మను గళ్ళ కాగితం మీద గడి తర్వాత గడిగా నింపాలి. నింపిన గడికల్లా అట్టకు ఒక చిల్లు పడుతుంది. ఆ అట్టలను వరసగా కుట్టి, మగ్గం పైన ఉండే జాకార్డు పెట్టెకు తగిలిస్తారు. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. హంస మెడ వంపు తిరిగేది ఆ లేవడంలోనే, లేవకపోవడంలోనే.

ఏడో తరగతితో బడి మానేసిన గురవమ్మకు ఈ పని అబ్బింది మామగారి పక్కన కూర్చుని. ఆయన గీస్తుంటే కోడలు పెన్సిళ్ళు చెక్కి ఇచ్చేది. చెక్కి ఇస్తూ ఊరుకునేది కాదు. "ఈ గడి యాల ఇడిసినావు మామా? ఆ గడి యాల నింపినావు?" అని అడిగేది. విసుక్కునే మనిషైతే అక్కడితో అయిపోయేది. ఆయన విసుక్కోలేదు, పెన్సిల్ ఆమె చేతికిచ్చి, "నువ్వే నింపి చూడు, యాలో తెలుస్తాది" అన్నాడు.

తెలిసింది, కానీ ఊరికే తెలియలేదు. పెళ్ళయిన నాలుగో ఏట మొదటిసారి ఒక కొంగు మొత్తం సొంతంగా గీసింది. చిలకల జంట. అట్టలు కొట్టించారు, మగ్గానికెక్కించారు, జానెడు నేసేసరికి భర్త ఆదినారాయణ పిలిచి చూపించాడు. ఒక్కో చిలకకు రెండు తలలు, తోక అసలే లేదు. గీతలో తప్పు లేదు. జాకార్డుకు దారాలను ఎత్తే కొక్కేలు ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి, రెండు వందల నలభై. అట్టలు కూడా చక్కగా కూర్చున్నాయి. మామగారు జాకార్డు నుంచి కిందికి దిగే దారాలను వేలితో చూపించాడు. ఆమె ఒకే దిక్కుకు సాగే ముడులు అనుకుని గీసింది. ఆ మగ్గానికి కట్టింది మధ్యలోంచి అద్దంలాగా తిరిగొచ్చే ముడులు. కొక్కేలు అన్నే, ముడులే వేరు.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట అది. ఇప్పుడు ఆమెకు నలభై ఆరు. ఈ మధ్యకాలంలో కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. ప్రొద్దుటూరులో అట్టలు కొట్టే చోట కొత్త యంత్రం పెట్టి, "గ్రాఫు కాగితాలు వద్దమ్మా, పెన్‌డ్రైవులో ఫైలు తీసకరా" అన్నారు. తోటివాళ్ళలో ఇద్దరు పని మానుకున్నారు. గురవమ్మ మూడు నెలలు ఒక నెట్ సెంటరుకు పోయి మౌసు పట్టుకోవడం నేర్చుకుంది. ఆ నెట్ సెంటరు మూతపడేటప్పుడు వాళ్ళ పాత కంప్యూటర్లలో ఒకటి ఇంటికి తెచ్చుకుంది.

అది చిన్న బుటాలకు సరిపోయింది. అంచులకు కూడా సరిపోయింది. కొంగుతోనే చిక్కు వచ్చింది. పెద్ద కొంగు ఫైలు తెరవమని నొక్కి, ఆమె లేచిపోయి పొయ్యి మీద పప్పు పెట్టి, చింతపండు పిసికి, తిరిగొచ్చేసరికి తెర మీద సగం బొమ్మ ఉండేది. ఒక గడి రంగు మారిస్తే అది మారిందో లేదో తెలియడానికి కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి.

"దానికి కూడా వయసైపోయిందిలే మే," అనేవాడు ఆదినారాయణ మగ్గం గుంటలోంచి. "మెల్లగా చేస్తాది. నీకేం తొందర?"

"నాకు తొందర్లేదు. అది లోపల ఏం చేస్తాందో తెలీకుండా కూచోవడమే శానా కష్టంగా ఉండాది."

ఆ చిక్కుకు సగం జవాబు పులివెందుల నుంచి వచ్చింది. జ్యోతి అని, అక్కడ ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఆమె. ద్రాక్ష గుత్తుల అంచుతో ఒక చీర కావాలని గురవమ్మను వెతుక్కుంటూ వచ్చింది. గుత్తిలో ఎన్ని పళ్ళుండాలి, ఆకు ఎటు వంగాలి అని ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. ఫైలు తెరుచుకునేలోపల జ్యోతి టీ తాగడం పూర్తిచేసి, గ్లాసు కడిగి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"అక్కా, ఇంత మంచి పని చేస్తాండావు, ఈ డబ్బాతోనా?" అంది.

పది రోజుల తర్వాత అంచు నమూనా చూడ్డానికి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో స్పాంజి మధ్య అగ్గిపెట్టెకన్నా కాస్త చిన్నదైన ఒక బిళ్ళ. పైన మెరిసే లోహపు మూత, కింద బంగారు రంగు చుక్కలు. పక్కనే ఒక ర్యాము బద్ద, ఒక చిన్న ఫ్యాను.

"పోయిన వానాకాలం మా ఇంటి దగ్గర పిడుగు పడింది. నా కంప్యూటర్ బోర్డు మాడిపోయింది, ప్రాసెసర్ మాత్రం బతికింది. కాలేజీలో పెట్టి చూసినా, బాగుండాది. నేను ల్యాప్‌టాప్ కొనుక్కున్నా, ఇది నాకు పనికిరాదు. ఎనిమిదో తరం ఐ ఫైవ్, నీ పాతదానికి నాలుగింతలు పనిచేస్తాది. దీనికి సరిపోయే మదర్‌బోర్డు ఒకటి కొనుక్కుంటే చాలక్కా."

"సరిపోయేది అంటే ఎట్ల తెలుస్తాది?"

"పదకొండు వందల యాభై ఒకటి అని అడుగు. దీని కింద అన్ని చుక్కలుంటాయి. బోర్డులో అన్ని కాళ్ళుండాల. అంతే."

ఇస్తున్నది ఏమిటో పూర్తిగా తెలియకపోయినా అది ఊరికే ఇచ్చే వస్తువు కాదని గురవమ్మకు అర్థమైంది. వద్దంది. జ్యోతి వినలేదు. చివరకు గుత్తిలోని ప్రతి పండు మీద ఒక వెలుగు చుక్క అదనంగా గీసి ఇస్తానని ఒప్పందం చేసుకుని డబ్బా తీసుకుంది.

జ్యోతి బస్సెక్కిందో లేదో, గురవమ్మ భూతద్దం తీసింది. పాత గ్రాఫులు చదవడానికి మామగారు వాడిన అద్దం అది. బిళ్ళను అంచులతో పట్టుకుని వెలుతురుకు తిప్పింది. చుక్కలు వరసలు వరసలుగా, ఎవరో శ్రద్ధగా గీసిన గ్రాఫులాగా ఉన్నాయి. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో చీమ తలంత ముక్కలు కొన్ని. ఒక మూలన చిన్న బంగారు త్రికోణం. రెండు అంచులలో ఒక్కో గాటు.

పదకొండు వందల యాభై ఒకటి అన్నది కదా, నిజంగానే అన్ని ఉన్నాయా?

గళ్ళ కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో వరసా లెక్కపెట్టి, అదే ఆకారంలో కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ పోయింది. మొదటి మధ్యాహ్నం పదకొండు వందల నలభై తొమ్మిది తేలాయి. రెండు తగ్గాయి. ఆదినారాయణ నవ్వాడు. "రెండు కొరుక్కుని తినిందేమో నీ జ్యోతమ్మ." మర్నాడు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఎడమ మూలలో ఒక వరసకు ముందు రెండు చుక్కలు విడిగా ఉన్నాయి, వాటిని వదిలేసింది నిన్న. సరిగ్గా పదకొండు వందల యాభై ఒకటి. ఎందుకో ఆమెకు చాలా తృప్తిగా అనిపించింది. ఎవరో చెప్పిన మాటను తన కళ్ళతో చూసుకున్న తృప్తి.

బోర్డుకు అయిదు వేలు దాటకూడదని భార్యాభర్తలు అనుకున్నారు. ఆ నెల మగ్గానికి కొత్త పడుగు కూడా ఎక్కించాల్సి ఉంది.

ప్రొద్దుటూరులో మొదట పోయిన అంగడి అద్దాల తలుపులది. కౌంటర్ దగ్గర ఉన్నాయన ప్రాసెసర్ను చూసి, ఆ తరానికి కొత్త బోర్డులు ఇప్పుడు రావడం లేదని, ఎక్కడి నుంచో తెప్పించినా ఏడు వేలు దాటుతుందని చెప్పాడు. "దీన్ని పక్కన పెట్టి కొత్త సెట్టు తీసుకోండమ్మా, ఇరవై ఎనిమిది వేలల్లో చేసిస్తా. మీ పిల్లోల్లను పంపించండి, వాల్లకైతే అర్థమైతాది."

"నాకు చెప్పు నాయనా, నాకూ అర్థమైతాది," అంది గురవమ్మ. ఆయన అప్పటికే ఫోను ఎత్తుకున్నాడు.

రెండోది పాత సామాన్ల అంగడి. గోడ పొడవునా విప్పేసిన కంప్యూటర్లు పేర్చి ఉన్నాయి. పదకొండు వందల యాభై ఒకటి అనగానే అంగడాయన ఒక బోర్డు తీసి దుమ్ము ఊదాడు. ప్రాసెసర్ కూర్చునే చోట ఉన్న మూత ఎత్తి చూపించాడు. అడుగున వెంట్రుకల్లాంటి సన్నటి కాళ్ళు, అన్నీ ఒకే దిక్కుకు వంగి, గాలికి ఒరిగిన వరి మడిలాగా. గాట్లు ఉన్నచోటే గాట్లు, త్రికోణం ఉన్నచోటే త్రికోణం. ఇక్కడ లెక్కపెట్టడానికి ఆయన ఒప్పుకునేలా లేడు.

"దీనికి సరిపోతాదా అన్నా?"

"ఎందుకు సరిపోదు? అదీ పదకొండు యాభై ఒకటే, ఇదీ పదకొండు యాభై ఒకటే. రెండు వేల ఎనిమిది నూర్లు. దుడ్లు మాత్రం వాపసు అడగొద్దు."

ఇంటికి తెచ్చి, పాత డబ్బా విప్పి, ఏ తీగ ఎక్కడ ఉండిందో ముందు కాగితం మీద బొమ్మ గీసుకుని, తర్వాత ఒక్కోటీ మార్చింది. ప్రాసెసర్ తన చోటులో ఏ ఒత్తిడీ లేకుండా దిగి కూర్చుంది. ఆదినారాయణ కూడా మగ్గం దిగి వచ్చి నిలబడ్డాడు. స్విచ్ వేసింది. ఫ్యాను తిరిగింది. ఎర్ర దీపం వెలిగింది.

తెర మాత్రం నల్లగానే ఉంది.

ఆపి, విప్పి, మళ్ళీ కూర్చోబెట్టింది. ర్యాము బద్దను పక్క గాడిలోకి మార్చింది. తెర తీగను మార్చింది. మూడోసారికి ఆదినారాయణ మెల్లగా అన్నాడు, "పోయిందిలే. పిడుగుదెబ్బ తిన్న వస్తువు, ఎన్నాళ్ళుంటాది?"

"పోయింటే పోయిందని తెలియాల గదా. కూచునింది, తిరుగుతాంది, పలకలేదు. యాల?"

ఎవరిని అడిగినా చిప్ దాకా చూసే మనిషి ప్రొద్దుటూరులో రిహానా అన్నారు. మెట్లెక్కి పైకి పోతే ఒక చిన్న గది. బల్ల మీద సూక్ష్మదర్శిని, పొగ పీల్చే గొట్టం, దాని వెనక ముప్పై ఏళ్ళ అమ్మాయి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో. గురవమ్మ చెప్పిందంతా విని, ప్రాసెసర్ను తీసుకుని, తన బల్ల మీద ఉన్న వేరే బోర్డులో పెట్టింది. వెంటనే తెర వెలిగింది. తర్వాత గురవమ్మ బోర్డులో తన దగ్గరున్న పాత ప్రాసెసర్ పెట్టింది. దానికీ తెర వెలిగింది.

"రెండూ బాగుండాయక్కా. దేంట్లోనూ దోషం లేదు. ఒకదానికొకటి పడవు, అంతే."

"అన్నే చుక్కలు, అన్నే కాళ్ళు. నేను లెక్కపెట్టినా."

రిహానా తల ఎత్తింది. "లెక్కపెట్టినావా?"

గురవమ్మ సంచిలోంచి గళ్ళ కాగితం తీసి పరిచింది. వరసలూ, మధ్యలో ఖాళీ, మూలన త్రికోణం, అన్నీ పెన్సిల్‌తో. రిహానా కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"నీ బోర్డు ఆరో తరం, ఏడో తరం వాటిదక్కా. ఇది ఎనిమిదోది. కూచుంటాది గానీ మాట్లాడదు. మా దగ్గరికి ఇట్ల నెలకొకరు వస్తారు."

"యాల మాట్లాడదు?"

"తరం వేరే గదా."

"తరం వేరే అంటే ఏంది మారింది? కాళ్ళు మారలేదు గదా?"

రిహానా ఆరేళ్ళుగా ఈ పని చేస్తోంది. పడవు అని ఆమెకు తెలుసు, ఎందుకు పడవో ఎవరూ అడగలేదు, తనూ వెతకలేదు. చేతిలోని టంకం వేసే కడ్డీని పక్కన పెట్టి కంప్యూటర్ వైపు తిరిగింది. కాసేపు వెతికి రెండు పటాలు తీసింది. ఏ కాలు దేని కోసమో రంగులతో చూపించే పటాలు, ఒకటి పాత తరానిది, ఒకటి కొత్త తరానిది. చిన్న చిన్న గళ్ళు, ఎర్రవి, నల్లవి, పచ్చవి, ఏ రంగూ లేనివి.

గురవమ్మ కుర్చీ ముందుకు జరిపింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమెకు అలవాటైన వస్తువు కంటి ముందుకు వచ్చింది.

"ఇవి గ్రాఫులు గదమ్మా! కాగితం మీద తీసిస్తావా?"

రిహానా రెండింటినీ ప్రింటు తీసింది. గురవమ్మ ఒకదాని మీద ఒకటి పెట్టి, మూలలు కలిపి, కిటికీ అద్దానికి ఆనించింది. వెనక నుంచి వెలుతురు పడగానే ఎక్కడ రంగు కలిసిందో, ఎక్కడ కలవలేదో తేలిపోయింది. పెన్సిల్‌తో సున్నాలు చుడుతూ పోయింది.

"ఈ ఎర్రటివి దేనికి?"

"కరెంటు లోపలికి పోయే కాళ్ళు."

"ఈ రంగు లేనివి?"

"అవి దేనికీ వాడకుండా ఇడిసిపెట్టినవి."

"సూడు మరి. పాతదాంట్లో ఇడిసిపెట్టినేటివి కొత్తదాంట్లో నిండినాయి. ఎర్రగళ్ళు..." పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. "పద్దెనిమిది ఎక్కువుండాయి."

రిహానా లేచి వచ్చి పక్కన నిలబడి తనూ లెక్కపెట్టింది. పద్దెనిమిదే. "పాతవాటికి లోపల నాలుగు భాగాలే ఉంటాయక్కా, పనిచేసేవి. దీనికి ఆరుండాయి," అంది నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "అందుకే కరెంటు ఎక్కువ కావాల్సొచ్చినట్టుంది."

"నాలుగు మరమగ్గాలకు లాగిన తీగ ఆరింటికి ఎట్ల చాలుతాది!" అని గురవమ్మ కిటికీ దగ్గర నుంచి తిరిగింది. ఆమె ముఖంలో డబ్బు పోయిన దిగులు లేదు. "కొక్కేలు అన్నే. ముడులే వేరే. మా మామ చెప్పిందే."

రిహానాకు అర్థం కాలేదు. రెండు తలల చిలకల కథ మొత్తం చెప్పాల్సి వచ్చింది. విన్నాక ఆ అమ్మాయి బల్ల మీద తల పెట్టి నవ్వింది.

కారణం తెలిసింది గానీ బోర్డు లేదు. బల్ల మీద ఉన్నది వేరేవాళ్ళది, సాయంత్రం తీసుకుపోతారు. పాత సామాన్ల అంగడాయన అన్న మాట ప్రకారమే వాపసు తీసుకోనన్నాడు. చేతిలో ఉన్నది రెండు వేల రెండు వందలు, పనికిరాని ఒక బోర్డు.

"పనికిరానిది యాల అయితాది?" అంది రిహానా. "ఆరో తరం ప్రాసెసర్ ఒకటి బోర్డు లేకుండా ఉండేవాల్లు యాడో ఉంటారు గదా." ఫోనులో పేర్లు వెతికి, పులివెందులలో మహేష్ అనే అతనికి చేసింది. చీనీ బత్తాయి తోటల్లో మోటార్లు, డ్రిప్పు పైపులు దొంగలు ఎత్తుకుపోకుండా కెమెరాలు బిగించే వ్యాపారం అతనిది. బోర్డు మాడిపోగా మిగిలిన ఆరో తరం ప్రాసెసర్ ఒకటి అతని దగ్గర ఊరికే పడి ఉంది. ఎనిమిదో తరానికి పనికొచ్చే బోర్డూ ఒకటి ఉంది, ర్యాము పెట్టే రెండు గాడుల్లో ఒకటి పనిచేయదని మూలన వేసినది.

"నాకుండేది ఒకటే బద్ద. ఒక గాడి చాలు," అంది గురవమ్మ.

రెండు రోజుల తర్వాత ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కింది. బోర్డును పాత పట్టు చీర ముక్కలో చుట్టబోతుంటే రిహానా చెప్పిన మాట గుర్తొచ్చి మానుకుంది. పట్టు రాపిడికి పుట్టే కరెంటు ఈ సామాన్లకు మంచిది కాదట. నూలు బట్టలోనూ చుట్టకుండా, రిహానా ఇచ్చిన ప్రత్యేకమైన సంచిలోనే పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. పట్టుకు కరెంటు పుట్టడం ఏమిటో అని దారి పొడవునా ఆలోచిస్తూనే ఉంది. చలికాలం పట్టు దారాలు చేతికి అంటుకుని వదలకపోవడం అదేనేమో.

మహేష్ బస్టాండు దగ్గరే అంగడిలో ఉన్నాడు. చుట్టూ తీగల చుట్టలు, గోడ మీద ఎవరివో తోటలు నాలుగు తెరల్లో కదులుతున్నాయి.

"రిహానా ఎవరో ఇంజినీరును పంపిస్తాందనుకుంటిని," అన్నాడు మొహమాటం లేకుండా. "నువ్వాక్కా?"

"నేనే. బోర్డు చూపిస్తావా?"

ముందు అతని ప్రాసెసర్ను ఆమె తెచ్చిన బోర్డులో పెట్టి చూశారు. తెర వెలిగింది. మహేష్ ముఖం కూడా వెలిగింది. తర్వాత అతను మూలనున్న బోర్డు తెచ్చి ఇచ్చాడు. మీద రాసి ఉన్న అక్షరాలూ అంకెలూ రిహానా రాసిచ్చిన చీటీతో ఒక్కొక్కటే సరిచూసుకుని, గురవమ్మ భూతద్దం తీసి, మూత ఎత్తి, కాళ్ళ వరసల్లోకి వంగింది. అన్నీ ఒకే దిక్కుకు ఒరిగి ఉండాలి. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. మహేష్ ఒక ఫోను మాట్లాడి వచ్చాడు, ఇంకొకటి మాట్లాడి వచ్చాడు.

"నాయనా, ఈ కాలు సూడు. పక్కదాని మీదికి ఒరిగిండాది."

అతను వంగి చూశాడు. అద్దంలో కూడా కష్టంగా కనిపించేంత వంపు. "నేను చూసుకోలేదే. ఇంగ ఇది పోయినట్టేనా?"

"తెగలేదు. సరిజేయనా? ఇరిగితే మాత్రం నన్ననొద్దు."

అతను మూలన పడి ఉన్నదే కదా అని తల ఊపాడు. గురవమ్మ తాళికి ఉన్న పిన్నీసుల్లోంచి అన్నిటికన్నా సన్నది తీసింది. మహేష్ అద్దం పట్టుకున్నాడు. తెగిన పట్టు పోగును మగ్గం మీది దువ్వెనలాంటి పన్నె పళ్ళ మధ్యలోంచి తీసే చేతులు ఆమెవి. పిన్నీసు మొనను కాలి కిందికి చేర్చి, ఎత్తకుండా, నెట్టకుండా, ఊరికే ఆనించి ఉంచింది. వెంట్రుకంత కదిలింది. మళ్ళీ వెంట్రుకంత. వరస కలిసింది.

వెంట తెచ్చుకున్న తన ప్రాసెసర్ కూర్చోబెట్టి, వేడి లాగే తెల్లటి పేస్టు రాసి, ఫ్యాను బిగించి, పనిచేస్తుందన్న గాడిలో ర్యాము పెట్టి స్విచ్ వేశారు. మూడు క్షణాలు నల్లగా ఉంది. నాలుగో క్షణం తెర మీద అక్షరాలు వచ్చాయి. ఎనిమిదో తరం, ఐ ఫైవ్, ఆరు భాగాలు.

మహేష్ చప్పట్లు కొట్టాడు. ముందే అనుకున్నట్టు ఆమె బోర్డు అతనికి, అతని బోర్డు ఆమెకు, పైన పదిహేను వందలు. గురవమ్మ లెక్కపెట్టి ఇచ్చింది. అతను సంచి కూడా తెచ్చాడు. అయితే ఆమె లేవలేదు.

"ఆ రెండో గాడి యాల పనిచేయదంటావు?"

"ఏమోక్కా. నీకు ఒకటే బద్ద గదా, యాల నీకు?"

"ఆ వంగిన కాలు ఆ గాడికి పోయేదేనేమోనని."

బద్దను తీసి రెండో గాడిలో పెట్టింది. స్విచ్ వేసింది. తెర వెలిగింది. మహేష్ తెర వైపు చూశాడు, బోర్డు వైపు చూశాడు, చివరకు ఆమె వైపు చూశాడు.

"అక్కా, నువ్వు చూడకుండా ఎత్తుకపోయింటే నాకు తెలిసేదే కాదు. రెండూ పనిచేసే బోర్డు పదిహేను వందలకు యాడిస్తారు ఎవరైనా?"

"ఇయ్యరు," అని గురవమ్మ ఒప్పుకుంది.

"ఇంగో ఐదొందలియ్యి."

"సరిజేసింది నేనే గదబ్బా."

ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరకు మూడు వందలకు కుదిరింది. బస్సులో కూర్చున్నాక ఆ మూడు వందలు ఆమెకు గుర్తొచ్చాయి. నోరు మూసుకుని వచ్చేసి ఉంటే మిగిలేవి. కానీ ఆ గాడి సంగతి తెలియకుండా ఇంటికి పోవడం తన వల్ల అయ్యేది కాదని కూడా ఆమెకు తెలుసు. ఇంటికొచ్చి ఈ మాట చెబితే ఆదినారాయణ, "మూన్నూర్లిచ్చి తెలుసుకుంటివి, పర్వాలేదు, శానామంది అంతకంటే ఎక్కువే ఇచ్చి ఏమీ తెలుసుకోరు," అన్నాడు. ఎగతాళో మెచ్చుకోలో ఆమెకు తేలలేదు.

అన్నీ బిగించాక పెద్ద కొంగు ఫైలు తెరవమని నొక్కి, అలవాటు కొద్దీ లేచింది. రెండడుగులు వేసేసరికి వెనకనుంచి ఆదినారాయణ పిలిచాడు. "మే, యాడికి పోతాండావు? వచ్చేసింది." కొంగు మొత్తం, మూల నుంచి మూల దాకా, తెర మీద ఉంది. ఆమె ఒక గడి రంగు మార్చింది. మారింది. ఇంకోటి మార్చింది. మారింది. నింపిన గడిని ఖాళీ చేసింది, ఖాళీ గడిని నింపింది, పని కోసం కాదు, ఊరికే. చాలాసేపు అలా ఆడుకుంటూ కూర్చుంది.

పనిలో తేడా త్వరలోనే తెలిసింది. రోజుకు ఒక అంచు గీసే మనిషి మూడు గీస్తోంది. కానీ గురవమ్మ అందరికీ చెప్పింది దాని గురించి కాదు. మగ్గం పక్కన కూర్చునే ఆడవాళ్ళకు, అట్టలు కొట్టే చోట ఉన్నవాళ్ళకు, రెండు ఒకేలాంటి గ్రాఫుల్లో పద్దెనిమిది ఎర్రగళ్ళు ఎలా తేడా వచ్చాయో చెప్పింది. కొందరు విన్నారు, కొందరు తల ఊపి వెళ్ళిపోయారు. ప్రొద్దుటూరు పోయినప్పుడు రిహానాను కూలి ఎంత ఇవ్వాలని అడిగితే, సున్నాలు చుట్టిన ఆ కాగితాలు ఇచ్చి పొమ్మంది ఆ అమ్మాయి. ఇప్పుడు అవి ఆమె గది గోడకు అంటించి ఉన్నాయి. పడని బోర్డు కొనుక్కుని వచ్చినవాళ్ళను అక్కడ నిలబెట్టి చూపిస్తుంది.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం రిహానా ఫోను చేసింది.

"అక్కా, ఇంకోటి వచ్చింది. వేరే రకం. దీనికి కాళ్ళు బోర్డుకు లేవు, ప్రాసెసర్‌కే ఉండాయి."

"ప్రాసెసర్‌కేనా? అట్ల యాల పెట్టినారు?"

"నాకూ తెలీదు. అందుకే చేసినా."

"ఎన్నుండాయి?"

"చెప్పను. నువ్వొచ్చి లెక్కపెట్టు."

గురవమ్మ గోడ గడియారం చూసింది. రెండు దాటింది, ప్రొద్దుటూరు బస్సు రెండున్నరకు. "మగ్గం మీద ఉండావా, దిగినావా?" అని లోపలున్న ఆదినారాయణకు కేకేసి, జవాబు వచ్చేలోపే చెప్పులు తొడుక్కుంది.